నాడెకు ఎంగిలి లేదనుకున్నాం

ఈ మధ్య ఎవరు కనపడినా "దేవుడి దయ వల్ల గట్టెక్కావయ్యా" అంటున్నారు. అవునండీ అని చేతులు జోడిస్తున్నాను. వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, ఇవాళ కూడా సగమే చెప్పాను కదా అనుకుంటున్నాను. దేవుడి దయ మాట నిజమే. కానీ నేను గట్టెక్కుతూ ఇంకొక మనిషిని నీళ్ళలోకి లాగాను. ఆ మనిషి మా వదిన సుభద్రమ్మ. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోతే, కాపురానికి వచ్చి ఏడాదైనా కాని వదినే నన్ను పెంచింది. నాకు వచ్చిన క్షయ ఆవిడకు అంటింది. నేను దాచినందువల్ల అంటింది.

నేతవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ముందు ఒక్క మాట: మీ మగ్గంలోని నాడెకు నోరు పెట్టకండి. ఎందుకో ముందు ముందు చెబుతాను. ఇక్కడితో చదవడం మానేసినా నాకు కోపం లేదు, ఆ ఒక్కటి పాటిస్తే చాలు.

రెండో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంత తప్పు చేసి, ఆస్పత్రి మంచం మీద పడి ఉన్న రోజుల్లోనే, ముప్పై ఐదేళ్ళుగా నేను ఎరగని సంతోషం ఒకటి నాకు తెలిసింది. దేవుడు పక్కనే ఉన్నాడని గట్టిగా అనిపించింది. అలాంటివాడికి అలాంటి సంతోషం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

డెబ్బై మూడు, ఆషాఢం

మాది పామర్రుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక నేతపేట. ఇంట్లో ఒకటే గుంట మగ్గం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేను కూర్చునేవాణ్ణి. భోజనాలయ్యాక వదిన గుంటలోకి దిగి దీపాలవేళ దాకా నేసేది. నా భార్య రాజ్యం నూలును కండెలకు చుట్టేది. అన్నయ్య పోయిన దగ్గర నుంచి పదేళ్ళుగా అదే పద్ధతి. మాకు పిల్లలు కలగలేదు. మధ్యాహ్నం నుంచి నేనేం చేసేవాణ్ణంటారా? భజన చేసేవాణ్ణి.

మా పేట రామమందిరంలో భజన గుంపుకు పెద్దను నేనే. నేను గొంతెత్తితే కాలవ అవతలి గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూస్తాయని అనేవాళ్ళు. అది పొగడ్తో ఎగతాళో అప్పట్లో నాకు తట్టలేదు. పొగడ్తే అనుకున్నాను. ఏటా కార్తీకంలో ఏడు రోజుల సప్తాహం జరిగేది. పక్క ఊరి గుంపు కూడా వచ్చేది. ఏ గుంపు పెద్ద గొంతు ఏడో రోజు దాకా నిలబడితే ఆ ఊరిదే ఆ ఏడాదికి పేరు. నేను వరసగా నాలుగేళ్ళు నిలబడ్డాను. దేవుడి పేరు మీద నేను సంపాదించుకున్నది ఆ పేరే.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో దగ్గు పట్టుకుంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. పంచె నడుం దగ్గర వదులైంది. ఒకరోజు కాలవ గట్టున దగ్గితే పైగుడ్డ మీద ఎర్రగా మరక పడింది. గుడ్డను అక్కడే నీళ్ళలో జాడించి, పిండి, తలకు చుట్టుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు నూలు చూసి వస్తానని చెప్పి బెజవాడ వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"రేపట్నించే సూదులు మొదలెట్టాలయ్యా. రోజూ వేయించుకోవాలి" అన్నాడు.

"కార్తీకం వెళ్ళగానే వచ్చేస్తానండి."

"కార్తీకమా? ఇంకా నాలుగు నెలలుంది. ఏవుంది కార్తీకంలో?"

భజన ఉందని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో శుభకార్యం ఉందన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అయితే ఇంట్లో వాళ్ళకన్నా చెప్పు. కంచం, గ్లాసు, పక్క అన్నీ వేరు చేసుకో. దగ్గినప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో. నీ మూలాన ఇంకోళ్ళకి రాకూడదు" అన్నాడు. అలాగేనండీ అని దణ్ణం పెట్టి బయటపడ్డాను.

బస్సులో కూర్చుని ఆలోచించాను. క్షయ అని తెలిస్తే భజన మాట దేవుడెరుగు, మా అరుగు మీద కూడా ఎవరూ కూర్చోరు. చెప్పకుండా కంచం వేరు చేసుకుంటే ఎందుకని అడుగుతారు. ఇంకో ఐదు రోజుల్లో తొలి ఏకాదశి అని అప్పుడు గుర్తొచ్చింది. బస్సు ఉయ్యూరు దాటేసరికి అబద్ధం తయారైపోయింది. చాతుర్మాస్య దీక్ష! నాలుగు నెలలు ఒంటిపూట భోజనం, వేరే కంచం, వేరే చెంబు, వసారాలో చాప మీద పడక. సరిగ్గా కార్తీకంలో ముగుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికి వచ్చి చెప్పగానే వదిన కళ్ళు చెమర్చాయి. "ఒరేయ్ అబ్బాయ్, మీ అన్నుంటే ఎంత సంతోషించేవాడో" అంది. అటక మీది ఇత్తడి కంచం దింపి, చింతపండు పెట్టి తోమి, బంగారంలా మెరిపించి నా ముందు పెట్టింది. పేటంతా తిరిగి చెప్పుకుంది. నేను దగ్గితే "ఒంటిపూట తిండి కదా, వేడి చేసింది" అని ఆవిడే నలుగురికీ సర్దిచెప్పేది.

ఇక్కడ మా వదిన గురించి ఒకటి చెప్పాలి. ఎంగిలి దగ్గర ఆవిడ మహా గట్టిది. మా ఇంట్లో గ్లాసు పెదవికి తగలడానికి వీల్లేదు, ఎత్తి పోసుకోవాల్సిందే. గరిటె నాలుక్కి రాసి ఉప్పు చూసిందని రాజ్యాన్ని ఒకసారి పూటంతా సాధించింది. అయినా మా ఇంట్లోనూ, మా పేటలో ఏ ఇంట్లోనూ ఎంగిలి లెక్కలోకి రాని వస్తువు ఒకటుంది. అది నాడె. కండె పెట్టుకుని పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే చెక్క అది. కండెలో నూలు అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, నాడె పక్కవైపున ఉన్న చిన్న కంతకు నోరు ఆనించి లోపలికి పీలిస్తే దారపు కొస బయటికి వస్తుంది. మా తాతలూ అలాగే పీల్చారు. పూటకు ఎన్ని కండెలు మారితే అన్నిసార్లు. పనిముట్టుకు ఎంగిలేమిటని మా వాళ్ళ ఉద్దేశం.

నాలుగు నెలలు నా కంచం వేరు, నా చెంబు వేరు, నా చాప వేరు. మధ్యాహ్నం దాకా నేను నోరు పెట్టిన నాడెకే మధ్యాహ్నం నుంచి వదిన నోరు పెట్టింది. ఒక్కరోజు కూడా నాకది తట్టలేదు. తట్టలేదన్న మాట నిజం. కానీ తట్టకపోవడం ఎలా కుదిరిందా అని ఇప్పుడు ఆలోచిస్తే, నా ధ్యాసంతా పట్టుబడకుండా ఉండడం మీదే ఉంది. వాళ్ళను కాపాడడం మీద లేదు.

కార్తీకం

సప్తాహంలో ఆరు రోజులు నిలబడ్డాను. ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. మిరియాల కషాయం, పటికబెల్లం, మొండితనం. ఏడో రోజు పొద్దున్న, ఎండ మందిరం మెట్ల మీదికి వచ్చే వేళ, పై స్థాయి అందుకోబోతే గొంతులోకి వెచ్చగా ఏదో పొంగింది. చిడతల మీద రక్తం పడింది. తరువాత ఎవరో నన్ను మోస్తున్నారు. మందిరం కప్పు కదిలిపోతోంది. పక్క ఊరి గుంపు పెద్ద తన పైగుడ్డ మడిచి నా తల కింద పెట్టాడు. నాలుగేళ్ళుగా నేను ఓడించిన మనిషి బస్సు దాకా నా తల పట్టుకుని వచ్చాడు.

బెజవాడ ఆస్పత్రిలో అదే డాక్టరు. నన్ను గుర్తుపట్టాడు. "కార్తీకం అయిందా?" అని మాత్రం అడిగాడు. పక్కన రాజ్యం ఉంది. ఆవిడకు ఆ మాట చాలు. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని కొంగు అంచు మడవసాగింది.

"మీకు ముందే తెలుసన్నమాట" అంది.

"తెలుసు."

"నాకు చెప్పలేదు. పోనీ, ఆ దేవుడికన్నా చెప్పుకున్నారా? నాలుగు నెలలు ఆయన దీక్షేగా చేసింది!"

చెప్పుకోలేదు మరి. దేవుడికి పాటలు పాడాను గానీ, ఆయనతో నా సంగతి ఒక్కటీ చెప్పలేదు. రాజ్యం ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మీ వదినగారికి ఇప్పుడే చెప్పకండి. దీక్ష అని మురిసిపోతా ఉంది. జబ్బు ఇప్పుడే బయటపడిందని చెబుదాం" అంది. అలా ఆ అబద్ధంలోకి ఆవిడను కూడా దింపాను.

మార్గశిరం, పుష్యం

నన్ను క్షయ వార్డులో చేర్చారు. రాజ్యం బెజవాడ పటమటలో వాళ్ళ మేనమామ ఇంట్లో ఉండి, పొద్దునా సాయంత్రం కారియరు తెచ్చేది. వాళ్ళ వసారాలో ఒక మూల ఆ కారియరుకు వేరే చోటు చూపించారట. దాన్ని మరెవరూ ముట్టుకునేవారు కాదట. ఆ మాట ఆవిడ నాకు చాలా రోజుల దాకా చెప్పలేదు.

రోజూ సూది. సూది వల్ల తల తిరిగేది, చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఎడతెగని రొద. డాక్టరమ్మ ఒకావిడ ఉండేది, మహా కచ్చితం. "గట్టిగా మాట్లాడొద్దు, పాడొద్దు. ఊపిరితిత్తికి విశ్రాంతి కావాలి" అంది. పాడదామన్నా శ్రుతి వినపడితే కదా! గొంతూ పోయింది, చెవీ పోయింది. నా దగ్గర దేవుడికి ఇవ్వడానికి ఇంకేమీ లేదనిపించింది. భయం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు పాడినందుకు ఇదా అని గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. నేను చేసినదాన్ని మాత్రం ఒక్కసారీ తలుచుకోలేదు.

పక్క మంచం మీద పోతురాజు. బందరు వైపు సముద్రం మీద వేటకు పోయే మనిషి. యాభై దాటిన వయసు, చువ్వలా ఉండేవాడు. సూది కోసం వరసలో నిలబడితే, నాకు కళ్ళు తిరుగుతున్నాయని తన చోటు నాకిచ్చి వెనక్కి పోయేవాడు. తెల్లవారాక, టీ రాకముందు మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. పెదవులు కదిలేవి కావు. నాకు లోకువగా అనిపించింది. ఒకరోజు అడిగాను.

"ఏం మంత్రం జపిస్తావయ్యా?"

"మంత్రం ఏవీ లేదండి. ఒకసారి పిలుత్తాను. పిల్సి ఊరుకుంటాను."

"ఊరుకుంటే?"

"వలేసినాక అరుత్తామా ఏంటండి? అరిత్తే సేప నిలబడద్దా?" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు నేను అరిచిన అరుపంతా ఒక్క మాటతో తీసిపారేశాడు. పోటీకోసమే మర్నాడు నేనూ కూర్చున్నాను. ఒకసారి పిలిచి ఊరుకుందామంటే ఊరుకోవడం రాలేదు. లోపల భజన మొదలైంది. ఆ లోపలి భజనలో కూడా జనం కూర్చున్నారు, నన్ను చూసి తల ఊపుతున్నారు! పది రోజులు ప్రయత్నించాను. పది రోజులూ నా గొంతే నాకు వినపడింది.

డెబ్బై నాలుగు, మాఘం

ఒక పొద్దున్న రాజ్యం కారియరు లేకుండా వచ్చింది. "మీ వదినగారిని తీసుకొచ్చాను. కింద బెంచీ మీదున్నారు. నెల రోజుల్నించీ జ్వరం" అంది.

మెట్లు దిగి వెళ్ళాను. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద మనుషులు కిక్కిరిసి ఉన్నారు. చివర్లో వదిన, చిన్నదైపోయి, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. "చిక్కిపోయావేంట్రా" అంది. తనెలా ఉందో చూసుకోకుండా ఆ మాట నన్ను అడిగింది.

డాక్టరమ్మ పిలిచింది. ముగ్గురం లోపలికి వెళ్ళాం. ఇంట్లో కంచాలు కలిసే ఉండేవా అని అడిగింది.

"లేదమ్మా. అబ్బాయి దీక్షలో ఉన్నాడు. కంచం, చెంబు అన్నీ వేరేనే. నా చేత్తోనే తోమి పెట్టేదాన్ని" అంది వదిన గర్వంగా.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"దగ్గు సంగతి అంత తెలీలేదమ్మా. నాడెలో నూలు రావట్లేదు, అదీ నాకు తెలిసొచ్చింది. ఎంత పీల్చినా ఊపిరి అందట్లేదు. ఒక్క కండెకి నాలుగుసార్లు నోరు పెట్టాల్సొస్తంది. అప్పుడు అనుకున్నాను, ఒంట్లో ఏదో తేడా వచ్చిందని."

డాక్టరమ్మకు నాడె అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. ఆ చెక్క మీద నోరు పెట్టేచోట నల్లగా నిగనిగలాడే మచ్చ కళ్ళముందుకు వచ్చింది. ఆ నునుపు మా ఇద్దరి పెదవులదీ.

వాళ్ళు బయటికి వెళ్ళాక డాక్టరమ్మకు నాడె సంగతి చెప్పాను. దాని వల్లేనా అని అడిగాను. ఆవిడ ఆలోచించింది. "దగ్గితే గాలిలో కూడా వస్తుందండి. ఒకే ఇంట్లో ఉన్నారు. ఇదని నేను కచ్చితంగా చెప్పలేను. నోరు పెట్టడం మాత్రం మంచిది కాదు" అంది. గాలి అనుకోమని నాకొక దారి చూపించింది, పుణ్యాత్మురాలు. ఆ దారిన పోలేకపోయాను. గాలి అయినా నాదేగా. నాలుగు నెలలు దాచింది నేనేగా.

వదినను ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు. నా కంటే ఎక్కువ ముదిరిందన్నారు. బతుకుతుందని గానీ బతకదని గానీ చెప్పలేదు. చూద్దాం అన్నారు.

ఆ మూడు వారాలు నేను దేవుణ్ణి పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు. పోతురాజు తన గ్లాసులో వేడినీళ్ళు సగం నా గ్లాసులోకి ఒంపి, ఎత్తి పోసుకోమని సైగ చేసేవాడు. అంతే.

ఫాల్గుణం

ఒకరోజు పొద్దున్న, వార్డు ఊడ్చే ఆయా వచ్చే ముందు, కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పలేను. పడుకోలేక కూర్చున్నాను. ఒకసారి పిలిచాను. ఈసారి లోపల భజన మొదలవలేదు. జనం లేరు. చాలాసేపటికి ఒక్క మాట వచ్చింది. తెలిసి దాచాను. అంతే. దాని వెనక వివరం లేదు, క్షమించమని అడగడం లేదు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన్ను పొగిడాను, వేడుకున్నాను, ఆయన పేరు పెట్టి మెప్పులు పొందాను. ఆయనతో నేను చెప్పిన మొదటి నిజం అదే.

తరువాత జరిగింది చెప్పడం చేతకాదు. ఎవరూ తిట్టలేదు. పోనీలే అని కూడా ఎవరూ అనలేదు. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంది. నేనేమిటో అంతా తెలిసి, లేచిపోకుండా కూర్చున్నట్టు ఉంది. కిటికీలోంచి ఎండ పడి దుప్పటి వెచ్చగా ఉంది. కాలవ మీద ఎవరో పడవవాళ్ళను పిలుస్తున్నారు. చెవుల్లో రొద అలాగే ఉంది. అయినా అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగను. నాకు సంతోషం వేసింది. ఏడుపు కలిసిన సంతోషం. గేదెలు తలెత్తేలా పాడిన రోజుల్లో ఒక్కనాడూ అది వేయలేదు.

ఆ వెంటనే సిగ్గు వచ్చింది. నాలుగు గదుల అవతల ఆవిడ ఊపిరి కోసం తంటాలు పడుతోంది. నేనిక్కడ కూర్చుని సంతోషిస్తున్నాను. ఇదేం బతుకు?

పోతురాజుతో అంతా చెప్పాను. దీక్ష, నాడె, అన్నీ. అతను తల వంచుకుని విన్నాడు. "దేవుడికి సెప్పానంటున్నారు. మంచిదే. ఆయనకి ముందే తెలుసు కదండీ. తెలీంది ఆవిడకి. ఆవిడకి సెప్పారా?" అన్నాడు.

చెప్పలేదు. ఇంకో ఐదు రోజులు కూడా చెప్పలేదు. ఈలోపు పోతురాజుకు నయమై ఇంటికి పంపేశారు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ సెప్పెయ్యండి, నాకు దారిలో మనసు బాగుంటది" అన్నాడు. ఆ మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రమే ఆడవాళ్ళ వార్డు వరండాలోకి వెళ్ళాను. వదిన దిండుకు ఆనుకుని బత్తాయి ఒలుస్తోంది. సగం తొనలు నా చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదు.

"వదినా, నాది దీక్ష కాదు."

"ఏది?"

"చాతుర్మాస్యం. తొలి ఏకాదశికి ముందే నాకీ జబ్బని డాక్టరు చెప్పాడు. కంచం వేరు చేసుకోవాలని దీక్షని కల్పించాను. భజన పోతుందని దాచాను. నాడె సంగతి నాకు తట్టలేదు. నీకు వచ్చింది నా వల్లే."

ఆవిడ బత్తాయి పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏకాదశికి ముందే తెలుసా?"

"తెలుసు."

"జబ్బు దాచావంటే, భయపడ్డావనుకుంటా. మీ అన్నా అంతే, జొరవొస్తే నోరు విప్పేవాడు కాదు. అదికాదురా." ఊపిరి కోసం ఆగింది. "నువ్వు తినేసి లేచాక రోజూ ఆ కంచం కడిగి దానికి దణ్ణం పెట్టుకున్నాను. నేను పెంచినోడు దేవుడి దారి పట్టాడు, ఇంక నాకేం కావాలి అనుకున్నాను. ఎంతమందికి చెప్పుకున్నానో నీకు తెలీదు. ఆ దణ్ణాలు నాకు తిరిగిచ్చెయ్యి."

"ఎట్టా ఇవ్వను వదినా?"

"నాకేం తెలుసు? తీసుకున్నోడివి నువ్వు."

గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత నాతో మాట్లాడలేదు.

చైత్రం, వైశాఖం

రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. వార్డు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. లోపలికి రమ్మని ఆవిడ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అక్కడ కూర్చుని ఒకసారి ఆయన్ను పిలిచి ఊరుకునేవాణ్ణి. నా మంచం మీద కంటే ఆ మెట్ల మీదే ఆయన దగ్గరగా ఉన్నట్టు అనిపించేది. ఆవిడ కోపం వినపడేంత దూరంలో కూర్చుంటే, నేనేమిటో మరిచిపోయే వీలు ఉండేది కాదు. బహుశా అందుకేనేమో.

రాజ్యం మాత్రం ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఒకరోజు మెట్ల మీదే నాతో అంది: "మీకు మనసు తేలికపడింది. ఆవిడకు బరువెక్కింది. చెప్పి మంచి పని చేశారో లేదో నాకు తెలీటం లేదండీ." నాకూ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వైశాఖంలో ఒక సాయంత్రం, గాడ్పు తగ్గాక, వెనక అడుగుల చప్పుడైంది. వదిన గోడ పట్టుకుని నడిచి వచ్చి, నాకు రెండు మెట్లు పైన కూర్చుంది. నావైపు చూడలేదు. ఎదురుగా దీపాలు వెలిగించారు. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదల్లేదు. చాలాసేపు అలాగే ఉంది. అప్పుడు నాకు తట్టింది, ఆవిడ ఎప్పుడూ ఇలాగే దణ్ణం పెట్టుకునేది. పొయ్యి దగ్గర, మగ్గం గుంటలోకి దిగే ముందు, దీపం పెట్టాక. నా చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ గమనించలేదు. పాటలు రావు కాబట్టి ఊరుకుంటుందిలే అనుకున్నాను. నేను ఆస్పత్రిలో నేర్చుకున్నానని మురిసిపోతున్నది మా ఇంట్లోనే ఉంది.

కళ్ళు తెరిచి, "రేపొచ్చేప్పుడు నిమ్మకాయ తీసుకురా. మాత్రలకి నోరంతా చేదెక్కింది" అంది.

మర్నాడు నాలుగు నిమ్మకాయలు తెచ్చాను. ఒక్కటే అడిగితే ఇన్నెందుకురా అని కసిరింది.

ఇప్పుడు

నేను భాద్రపదంలో ఇంటికి వచ్చాను. వదిన ఆ తరువాత అయిదు నెలలకు వచ్చింది. జబ్బు నయమైంది కానీ ఒకవైపు ఊపిరితిత్తి చాలావరకు పోయింది. పెరట్లోంచి వసారాలోకి వచ్చేసరికి స్తంభం పట్టుకుని ఆగుతుంది. మగ్గం గుంటలోకి మళ్ళీ దిగలేదు. రెండు పూటలా మగ్గం ఇప్పుడు నాదే. సన్నటి తీగ కొస వంచి కొక్కెం చేసుకున్నాను. నాడె కంతలోకి దాన్ని దూర్చి దారం లాగుతాను. ఆలస్యం అవుతుంది. పేటలో కొందరు నవ్వారు. కొందరు చేసుకున్నారు.

కార్తీకంలో భజనవాళ్ళు పిలవడానికి వచ్చారు. గొంతు సగమే మిగిలినా గుంపు పెద్దగా నన్నే కూర్చోమన్నారు. చావు నోట్లోంచి వచ్చినవాణ్ణి, అందులోనూ దీక్ష చేసినవాణ్ణి అని నా మీద గౌరవం పెరిగింది! మందిరంలో అందరూ కూర్చున్నాక లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. మద్దెల వాయించే పెద్దాయన, "అదంతా ఇప్పుడు చెప్పకపోతే ఏవఁయ్యా, మేం నమ్మాంగా" అని విసుక్కున్నాడు. అప్పటి నుంచి కొందరు నాతో మాట్లాడరు. నేను వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంటాను. వాళ్ళు పాడతారు. నేను వింటాను.

పొద్దున్నే మగ్గం ఎక్కే ముందు ఒకసారి పిలిచి ఊరుకుంటాను. ఆ సంతోషం రోజూ రాదు. వచ్చిన రోజు వద్దనలేను. కానీ అది వచ్చినప్పుడల్లా పెరట్లో వదిన దగ్గు వినపడుతుంది. వదినకు జబ్బు చేయకపోతే ఆ నిజం నా నోట వచ్చేదా? రాకపోతే ఆయన అలా దగ్గరికి వచ్చేవాడా? ఈ ప్రశ్న అడిగితే ఆయన ఏమీ చెప్పడు. చెప్పకపోవడమే న్యాయం.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం వదినకు చదివి వినిపించాను. వసారాలో చాప మీద కూర్చుని, స్తంభానికి ఆనుకుని, మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా వింది. దణ్ణాల దగ్గర కళ్ళు మూసుకుంది. పూర్తయ్యాక ఆయాసం తగ్గనిచ్చి అంది:

"దేవుడు పక్కన కూచున్నాడని రాశావు. బానే ఉంది. కూచునే ఉంటాడు. ఎవరి ఊపిరి పోతే ఆయనొచ్చి కూచున్నాడో అది కూడా రాయి."

రాశాను.